కోయి చేప చెక్కిన వెండి కఫ్ రోజూ వేసుకోవాలంటే

నాది వెండి మీద చెక్కుడు పని. కొత్తవి చేయడంతో పాటు పాతవి బాగుచేయడమూ ఉంటుంది. మరమ్మతుకు వచ్చే కఫ్‌లలో, అంటే రెండు కొసలూ కలవకుండా మధ్యలో ఎడం ఉండే వెడల్పాటి కడియాలలో, చేప బొమ్మలున్నవి తరచూ కనిపిస్తాయి. వాటికి తగిలిన దెబ్బలు కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. వెన్ను రెక్క కొస ఒంగిపోయి ఉంటుంది, లేదా మీసం ఊడిపోయి ఉంటుంది. కొన్ని సరిగ్గా చేప మొప్ప దగ్గరే చీలి వస్తాయి. అందుకే రోజూ వేసుకుంటామని అడిగేవారికి నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: వెండి మీద పైకి లేచిన చేప వద్దు, వెండిలోకి చెక్కిన చేపను తీసుకోండి.

ఉబ్బెత్తు చేప చూడగానే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అప్పుడప్పుడూ వేసుకునేవారికి దానితో ఇబ్బంది లేదు. రోజూ చేతికి ఉండేదైతే చొక్కా చేతులు, సంచీ పట్టీలు, బల్ల అంచు, జేబు మూతి అన్నీ దాన్ని రాసుకుంటూ పోతాయి. వెండి మెత్తటి లోహం. ఎత్తుగా ఉన్న చోటే ముందు అరుగుతుంది కాబట్టి చేప కన్ను, పొలుసుల నడిమి భాగం, రెక్కల గీతలు మొదట మాసిపోతాయి. లోపలికి చెక్కిన చేపలో ఇందుకు తారుమారుగా జరుగుతుంది. చుట్టూ ఉన్న పైభాగం రుద్దుకుని నిగనిగలాడుతుంటే, గాడిలో కావాలని ఎక్కించిన నలుపు అలాగే ఉండి బొమ్మ ఇంకా స్పష్టంగా తేలుతుంది. వాడకంతో మెరుగయ్యే నగ కావాలంటే ఈ దారే పట్టాలి.

జపాను పనివాళ్ల చేతిలో దీనికి ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది, కతకిరి అంటారు. ఉలిని ఒక పక్కకు వాల్చి కోస్తారు. గాడికి ఒక గోడ నిటారుగా, రెండోది ఏటవాలుగా వస్తుంది. ఉలి లోతుగా దిగిన చోట గీత వెడల్పవుతుంది, తేలిక చేసిన చోట వెంట్రుకంత సన్నబడుతుంది. వెలుతురు ఏటవాలు గోడ మీద పడినప్పుడు కుంచెతో ఒక్క ఊపులో లాగిన సిరా గీత గుర్తుకొస్తుంది. జపాను చరిత్రలో ఎదో యుగం (1603–1868) అనే కాలంలో కత్తుల అలంకరణ సామగ్రి చెక్కిన యొకొయా సోమిన్ (1670–1733) ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. 1876లో మెయిజీ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించాక, కత్తులకు నగిషీలు చేసి బతికిన పనివాళ్లు చాలామంది కూజాలు, పెట్టెలు, ఆభరణాల వైపు మళ్లారు. ఇవాళ కఫ్ మీద కోయిని, అంటే జపానులో చెరువుల్లో పెంచే రంగురంగుల కార్ప్ చేపను, చెక్కేవారి ఉలిలో ఆ కత్తిపని వాసన ఇంకా ఉంది. వెన్నుకు ఒక పొడవాటి గీత, పొట్టకు ఒకటి, తోకకు నాలుగైదు విసుర్లు, ఇవి పడాల్సిన చోట పడితే చేప ఈదుతున్నట్టే ఉంటుంది. పొలుసులన్నీ చెక్కాల్సిన పని కూడా లేదు.

ముందు అది కోయి అవునో కాదో చూసుకోండి. కోయి కార్ప్ జాతి చేప. నోటి దగ్గర రెండు జతల మీసాలుంటాయి, పై జత పొట్టిగా, కింది జత కాస్త పొడవుగా. గోల్డ్‌ఫిష్‌కు మీసాలుండవు. కోయి అని అమ్మే కఫ్‌లలో మీసాల్లేని చేపలు, జీరాడే జంట తోకల చేపలు ఎన్ని ఉంటాయో లెక్కలేదు. అవి గోల్డ్‌ఫిష్‌లు. నచ్చితే తీసుకోండి, పేరు మాత్రం తెలిసి తీసుకోండి. మీసాలున్నప్పుడు వాటిని ఎలా చేశారన్నది ఇంకా ముఖ్యం. సన్నటి వెండి తీగను టంకంతో అతికించిన మీసం చూడముచ్చటగా ఉంటుంది కానీ ఉన్ని దుస్తులు వేసుకున్న మొదటి రోజే తగులుకుంటుంది. మీసం కూడా చెక్కిందే అయి ఉండాలి.

చేపను ఏ వైపు నుంచి చూపించారన్నది చాలామంది పట్టించుకోని సంగతి. జపానులో కోయిని చెరువు గట్టున నిలబడి పైనుంచి చూసి ఆనందిస్తారు, పెంపకందారులు కూడా ప్రధానంగా పైనుంచి కనిపించే రంగుల అమరికనే లెక్కలోకి తీసుకుంటారు. కఫ్ లాంటి సన్నటి పట్టీకి ఈ పైచూపే సరిగ్గా అతుకుతుంది. తల, రెండు పక్కలా విప్పుకున్న ఛాతీ రెక్కలు, నడుము దగ్గర ఒక వంపు, తోక దగ్గర ఎదురు వంపు. వెన్ను రెక్క నడిమధ్య ఒక గీతగా ఒదిగిపోతుంది. పక్క నుంచి చూపిన చేపలో ఆ వెన్ను రెక్క పైకి లేస్తుంది, దానికి చోటివ్వడానికి పట్టీ వెడల్పు పెంచాలి, లేదంటే రెక్కను అంచు దాటించాలి. అంచు దాటిన రెక్క చొక్కా చేతికి కొక్కెంలా తగులుకుంటుంది. బొమ్మ అంతా పట్టీ అంచుల లోపలే ముగిసే నమూనా తీసుకోండి.

పొలుసుల దగ్గరే పనితనం బయటపడుతుంది, కాబట్టి అక్కడ కాస్త ఆగి చూడాలి. ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేయండి. చేప ఒంటి మీద పొలుసులు తల వైపు మొదలై ఒకదానిపై ఒకటి పరుచుకుంటూ తోక వైపు సాగుతాయి. గుండ్రటి విడి అంచు తోక వైపు ఉంటుంది. తల వైపు తెరుచుకున్న పొలుసులు చెక్కారంటే ఆ మనిషి చేపను సరిగ్గా చూడలేదని అర్థం. తర్వాత పరిమాణం చూడండి. నడుము దగ్గర పెద్దవిగా ఉన్న పొలుసులు తోక మొదలుకు వచ్చేసరికి చిన్నవి కావాలి, పొట్ట వైపు పలచబడి మాయం కావాలి. అన్నీ ఒకే కొలతలో, ఒకే లోతులో ఉంటే అది అచ్చుతో ఒత్తిన పని. గాడి అడుగు కూడా చూడండి. ఉలితో కోసిన గాడి అడుగు మెరుస్తుంది, అంచు పదునుగా తెగి ఉంటుంది. పోత పోసిన కఫ్‌లో గాడి అంచు గుండ్రంగా కరిగినట్టుంటుంది, అక్కడక్కడా సూదిమొనంత గుంటలు కనబడతాయి. పోత పోసినది పనికిరాదని కాదు. కానీ ధర చెక్కిన దానికి తగ్గట్టు అడుగుతూ వస్తువు పోతదైతే మాత్రం అడగండి.

ఏ రకం కోయి అని ఎంచుకునే అవకాశం ఉంటే నా ఓటు అసగికి. దాని వెన్ను నీలి బూడిద రంగులో ఉండి, ఒక్కో పొలుసు అంచు వేరుగా తేలి వలలా కనిపిస్తుంది. నలుపెక్కించిన వెండికి ఇంతకంటే కుదిరే చేప లేదు. ఒకే రంగులో మెరిసే ఒగోన్ కూడా ఒంటి వెండికి సరిపోతుంది. తెలుపు మీద ఎరుపు మచ్చలుండే కొహకు కావాలంటే ఎరుపు ఎక్కడి నుంచో తేవాలి. ఎనామెల్, అంటే లోహం మీద కాల్చి అతికించే గాజు రంగు, అయితే గట్టి దెబ్బకు పెచ్చులూడుతుంది, పైగా కఫ్ వంగిన ప్రతిసారీ దాని కింద వెండి కదులుతుంది. రాగి ముక్కను వెండిలో పొదిగి, రెండూ ఒకే మట్టంలో ఉండేలా ఆకురాయి పెట్టి సాపు చేస్తే అది రోజువారీ వాడకానికి నిలబడుతుంది. నెత్తి మీద ఒక్క ఎర్రటి గుండ్రటి మచ్చ ఉండే తాంచో దీనికి చక్కటి ఉదాహరణ, చిన్న రాగి బిళ్ల ఒక్కటి చాలు. షోవా అనే రకంలా పెద్ద నల్లమచ్చలున్న చేపను వెండి మీద నలుపు పూతతో చేస్తే ఆ మచ్చలు చేతి రాపిడికి కొన్నాళ్లకే బూడిద రంగుకు దిగుతాయి. నలుపు గాడిలో ఉంటేనే నిలుస్తుంది.

అర్థాల గురించి కూడా అడుగుతుంటారు. పసుపు నది మీద డ్రాగన్ ద్వారం అనే చోటును ఎదురీది దాటిన కార్ప్ డ్రాగన్ అవుతుందన్నది చైనా గాథ. జపానులో మే 5న పిల్లల రోజుకు ఎగరేసే చేప జెండాల వెనుక ఉన్నది అదే కథ. రంగురంగుల కోయిలు మాత్రం 19వ శతాబ్దం తొలినాళ్లలో నీగత ప్రాంతపు కొండపల్లెలలో, తిండి కోసం పెంచిన కార్ప్‌ల నుంచి పుట్టాయి. 1914లో టోక్యో ప్రదర్శనతో దేశమంతటికీ తెలిశాయి. ఇక ఫలానా రంగు ప్రేమకు, ఫలానా వైపు తిరిగితే నష్టానికి అని అమ్మకందార్లు అంటించే చీటీలను నేను చదవను. చేప తల ఎటు ఉండాలన్నది మీ ఇష్టం. ఒక్క మాట: తల కఫ్ కొస దగ్గర కంటే మణికట్టు పైభాగానికి దగ్గరగా ఉంటే మీకే కనబడుతుంది.

అలలు ఉన్న నమూనాల విషయంలో జాగ్రత్త. సేగైహ అనే అర్ధవలయాల అలల నమూనా చాలా అందమైనది, కానీ దూరం నుంచి అచ్చం పొలుసుల్లాగే ఉంటుంది. వేలెడు వెడల్పు పట్టీ మీద రెండూ పెడితే చేప నీళ్లలో కలిసిపోయి కనబడదు. పొలుసులు నిండుగా ఉంటే నీటిని రెండు మూడు గీతలతో సరిపెట్టాలి, లేదా ఖాళీగా వదిలేయాలి. ఖాళీ వెండే నీళ్లలా కనిపిస్తుంది.

ఇక కొలతలు. కఫ్ ఎక్కడ కూర్చుంటుందో అక్కడ కొలవాలి: చిటికెన వేలి వైపు ఉబ్బి ఉండే మణికట్టు ఎముకకు కాస్త పైన, మోచేయి వైపు. కాగితపు పట్టీ చుట్టి గుర్తు పెట్టి స్కేలు మీద చూడండి. సాయంత్రం కొలిస్తే మంచిది, పగలంతా పని చేసిన చేయి కొంచెం ఉబ్బి ఉంటుంది. 16 సెం.మీ. మణికట్టుకు లోపలి చుట్టుకొలత ఎడంతో కలిపి 16.5 సెం.మీ. దాకా, అందులో ఎడం 2.5 నుంచి 3 సెం.మీ. దాకా ఉంటే సరిపోతుంది. అంటే వెండి పట్టీ పొడవు 13.5, 14 సెం.మీ. మధ్య ఉంటుంది. ఎడం ఇంతకంటే ఎక్కువైతే చేయి విదిలించినప్పుడు జారిపోతుంది, తక్కువైతే ప్రతిసారీ వంచి తీయాల్సి వస్తుంది. మణికట్టు గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. కఫ్ కూడా కోలగానే ఉండాలి. గుండ్రటి కఫ్ చేతి చుట్టూ తిరుగుతూ ఉంటుంది, చేప ఎప్పుడు చూసినా అరచేతి వైపే ఉంటుంది.

మందం 1.5 మి.మీ. దగ్గర ఉంటే మంచిది. చెక్కుడు లోతుకు చోటుంటుంది, పట్టీ తన ఆకారం తాను నిలుపుకుంటుంది. ఇక్కడ తూకం మీకు పనికొస్తుంది. 925 వెండి, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉన్నది, ఒక ఘన సెంటీమీటరుకు దాదాపు 10.4 గ్రాములు తూగుతుంది. 14 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం ఉన్న పట్టీ 22 గ్రాముల దగ్గర ఉండాలి. కొసలు సన్నబడితే, చెక్కినందుకు పోయింది తీసేస్తే 18, 20 దాకా రావచ్చు. అదే కొలతల కఫ్ 12 గ్రాములే అన్నారంటే రేకు 0.8 మి.మీ.కు పడిపోయిందన్నమాట, లేదా లోపల డొల్ల. ఇంత లెక్క అడిగితే అమ్మేవాళ్లు కాస్త చిరాకుపడతారు, పడనివ్వండి.

లోపలి వైపు ముద్ర ఉంటుంది. 925 గానీ, జపాను సరుకైతే ఎస్‌వీ 925 అని గానీ, 950 అని గానీ. జపాను టంకశాల పరీక్షించి వేసిన ముద్ర అయితే జెండా బొమ్మ, దాని పక్కన వజ్రం ఆకారపు గడిలో అంకె ఉంటాయి. ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మేయకండి, తూకంతో కలిపి చూడండి. జర్మన్ సిల్వర్ అని రాసి ఉంటే అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకుల మిశ్రమం అది. నికెల్ పడని చర్మాలకు దురద పెడుతుంది. రోడియం అనే తెల్లటి లోహపు పూత ఉన్న చెక్కుడు కఫ్ నాకు నచ్చదు. పూత ఉన్నంత కాలం నల్లబడదు నిజమే, కానీ అంచుల దగ్గర ముందు అరిగి కింద వెండి వేరే రంగులో బయటపడుతుంది.

కొనేముందు రెండు పరీక్షలు. పలచటి నూలు గుడ్డను, లేదా సన్నటి మేజోడును, కఫ్ మీద అడ్డంగా, నిలువుగా, కొసల చుట్టూ లాగండి. ఎక్కడ పోగు ఆగితే అక్కడ రోజూ ఆగుతుంది. తర్వాత వేలితో లోపలి అంచు తడమండి. బయట ఎంత నగిషీ ఉన్నా చర్మానికి తగిలేది ఈ అంచే. అది గుండ్రంగా, కొసలు నున్నగా ఉండాలి. లోపల ఆకురాయి గీతలు అలాగే వదిలేసిన పనివాడు బయట కూడా ఎక్కడో తొందరపడే ఉంటాడు.

తొడుక్కునే పద్ధతి సరిగ్గా తెలిస్తే కఫ్ బతుకు సగం గట్టెక్కినట్టే. రెండు చేతులతో లాగి వెడల్పు చేసి తొడుక్కుని, మళ్లీ నొక్కి మూసేవారు చాలామంది. వెండి వంగిన ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది, గట్టిపడుతూ పోయి ఒకనాడు చీలుతుంది. వంపు ఒత్తిడంతా పట్టీ నడిమధ్యన పడుతుంది కాబట్టి చీలికా అక్కడే వస్తుంది. ఆ నడిమధ్య చేప మొప్ప గీతను పట్టీకి అడ్డంగా లోతుగా కోసి ఉంటే చీలికకు దారి గీసిపెట్టినట్టే. అందుకే నేను చెక్కేటప్పుడు మొప్పను మధ్య నుంచి పక్కకు జరుపుతాను, మధ్యలో పొడవునా సాగే వెన్ను గీతలు వచ్చేలా చూస్తాను. మీరు కొనేటప్పుడూ అదే చూడండి. చేపను విడిగా చేసి పట్టీ మీద టంకంతో అతికించినవి కూడా ఇలాంటివే. అతికిన చోట పట్టీ వంగదు, ఆ పక్కనే వంగుతుంది.

సరైన పద్ధతి ఇది. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, చేయి పలచగా ఉండే పక్క వైపు ఎడాన్ని పెట్టండి. ఒక కొసను లోపలి వైపు మెత్తటి చోట ఆనించి, కఫ్‌ను చేతి మీదుగా దొర్లించినట్టు తిప్పండి. రెండో కొస ఎముక పక్క నుంచి దానంతట అదే దిగుతుంది. తీసేటప్పుడు ఇదే వెనక్కి. మొదట్లో చర్మం కొంచెం నొక్కుకున్నట్టు ఉంటుంది, చేయి అలవాటు పడుతుంది. అమరిక నిజంగానే మార్చాల్సి వస్తే కొసలను మాత్రం బొటనవేళ్లతో కొద్దిగా లోపలికి నొక్కండి, మధ్యను ముట్టుకోకండి.

రాయని చేతికి పెట్టుకుంటే బల్ల రాపిడి తప్పుతుంది. గడియారం ఉన్న చేతికి వద్దు, ఉక్కు వెండిని గీరేస్తుంది. ఈతకొలనుకు, బ్లీచ్ వాడే పనికి, బరువులెత్తే చోటికి తీసేసి వెళ్లండి. జపాను వెళ్తే కుసత్సు లాంటి గంధకపు వేడినీటి బుగ్గల్లో దిగేముందు తప్పకుండా తీయాలి, లేదంటే చూస్తుండగానే నల్లబడుతుంది. మామూలు గాలిలోనూ వెండిని నల్లబరిచేది గంధకమే. ఉన్ని, రబ్బరు బ్యాండ్లు, కోడిగుడ్డు అన్నింటిలోనూ అది ఉంటుంది. రోజూ వేసుకునే కఫ్ బీరువాలో పడి ఉన్నదానికంటే తక్కువ నల్లబడుతుంది, రాపిడి ఆ పొరను ఎప్పటికప్పుడు తీసేస్తుంటుంది. చర్మం మీద ఆకుపచ్చ మరక కనబడితే కంగారు వద్దు, మిశ్రమంలో ఉన్న రాగికి చెమట తగిలి వచ్చేది అది. కడిగితే పోతుంది.

శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తటి బ్రష్. బ్రష్‌ను గీతల పొడవునా నడపాలి. బాగా ఆరబెట్టి, వెండి తుడిచే గుడ్డతో పైభాగాన్ని మాత్రం నాలుగు రుద్దులు రుద్దండి. టూత్‌పేస్ట్ వద్దు, అందులో గరుకు పొడి ఉంటుంది. క్షణంలో తెల్లగా చేసే ద్రావకాలూ వద్దు. అల్యూమినియం రేకు, బేకింగ్ సోడా వేడినీళ్ల చిట్కా నిజంగానే పనిచేస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. నల్లటి పొరను అది ఎక్కడున్నా తీసేస్తుంది, పొలుసుల గాడిలో కావాలని ఎక్కించిన నలుపుతో సహా. ఆ తర్వాత చేప బోసిపోతుంది. వాడనప్పుడు గాలి చొరని చిన్న సంచిలో పెడితే చాలు.

కొన్నేళ్లకు గాడిలో నలుపు పలచబడుతుంది. దాన్ని మళ్లీ ఎక్కించడం వెండిపని తెలిసిన ఎవరికైనా చిన్న పనే. పొటాషియం సల్ఫైడ్ ద్రావకం అద్ది, కడిగి, పైన తుడిచేస్తారు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట కాగితం మీద రాసి కఫ్‌తో పాటు పెట్టండి: యంత్రంతో పాలిష్ పట్టవద్దు, చేత్తో గుడ్డ మాత్రమే. తిరిగే చక్రం పైన పడ్డ గీరలను పోగొడుతుంది, వాటితో పాటే చెక్కుడు అంచుల పదునునూ తీసేస్తుంది. ఆ పదును మళ్లీ కావాలంటే గీతలన్నీ ఉలితో కొత్తగా లోతు చేయాలి. 1.5 మి.మీ. రేకులో అలా చేయగలిగేది మహా అయితే ఒకటి రెండుసార్లు.